ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు: జపాన్ గాష్షో ఇంటి కట్టడం

జపాన్‌లోని ఒగిమాచి అనే కొండ ఊళ్ళో వాదా కుటుంబానికి ఒక పాత ఇల్లుంది. దాని అటక మీదికెక్కి, కప్పును మోసే పెద్ద వాసం ఎక్కడ మొదలవుతుందో వెతికితే చిత్రంగా ఉంటుంది. అంత లావు వాసానికి కింది కొనను పెన్సిల్ చెక్కినట్టు మొనదేల్చారు. ఆ మొన వెళ్ళి దూలం చివర తొలిచిన గుంటలో కూర్చుంటుంది. అంతే. మేకు లేదు, ఇనుప పట్టీ లేదు. టన్నుల కొద్దీ గడ్డి, దాని మీద శీతాకాలమంతా పేరుకునే మంచు, అన్నీ ఇలాంటి మొనల మీదే నిలబడతాయి.

ఈ మొనను అక్కడ కోమాజిరి అంటారు. ఈ ఊరున్న లోయ ప్రాంతం పేరు షిరకావాగో. అక్కడి ఇళ్ళ ఫొటోలు చూడనివాళ్ళు ఇప్పుడు తక్కువ. మంచులో మునిగిన లోయ, నిటారుగా నిలబడ్డ గడ్డి కప్పులు, చిన్న కిటికీల్లోంచి పసుపు వెలుతురు. ఆ ఫొటోల కింద దాదాపు ఎప్పుడూ ఒకే వివరణ ఉంటుంది: మంచు జారిపోవడానికి కప్పు ఏటవాలుగా కట్టారు అని. అది అబద్ధం కాదు గానీ, సగం నిజం. మిగతా సగం ఈ మొన దగ్గర దొరుకుతుంది. అక్కడికి ఒక ఇల్లు అయిపోయి, దాని మీద ఇంకో ఇల్లు మొదలవుతుంది. రెండింటినీ కట్టిన చేతులు వేరు, కట్టిన పద్ధతి వేరు, చివరికి వాడుక కూడా వేరు.

ఒగిమాచి గిఫు ప్రిఫెక్చర్‌లోని షిరకావా గ్రామంలో ఉంది. ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం. షో నది వెంట ఉత్తరంగా కిందికి దిగితే తొయామా ప్రిఫెక్చర్‌లోని గొకాయామా ప్రాంతం వస్తుంది. అక్కడి ఐనోకురా, సుగనుమా అనే రెండు చిన్న ఊళ్ళతో కలిపి ఒగిమాచిని 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటి లెక్క ప్రకారం ఒగిమాచిలో ఇలాంటి ఇళ్ళు 59, ఐనోకురాలో 20, సుగనుమాలో 9. ఈ తీరు కట్టడాన్ని గాష్షో జుకురి అంటారు. గాష్షో అంటే అరచేతులు జోడించడం. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి బయల్దేరిన 'అంజలి', చైనా మీదుగా జపాన్ చేరేసరికి ఈ పేరు పెట్టుకుంది. కాబట్టి తెలుగులో దీన్ని నమస్కారపు ఇల్లు అనుకోవచ్చు. కాకపోతే అక్కడి వడ్రంగులు ఆ మాట అన్నప్పుడు భక్తితో అనరు. ఎదురెదురుగా ఏటవాలుగా నిలబెట్టి, పైన కొనలు కలిపిన పెద్ద వాసాల జతకు వాళ్ళ పనిలో పేరు అది.

కింది ఇల్లు: వడ్రంగి పని

ముందు కింది అంతస్తు. ఇది పూర్తిగా వృత్తి వడ్రంగుల పని. ఈ లోయ పాతకాలపు జపాన్ రాష్ట్రాల్లో ఒకటైన హిదాలోది. 8వ శతాబ్దం నాటికే హిదా ప్రజలు కొన్ని పన్నులకు బదులు రాజధానికి వడ్రంగులను పంపేవారు. అంత పాత పేరున్న చోట కింది అంతస్తు పనితనం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. రాళ్ళ మీద నిలబెట్టిన స్తంభాలు, ఒక చెక్కకు రంధ్రం తొలిచి రెండో చెక్క కొనను అందులోకి బిగించిన అతుకులు, చిత్రిక పట్టిన తలుపు చట్రాలు. పొయ్యి ఉన్న పెద్ద గది, అతిథుల గది, బుద్ధుడి పూజా మందిరం ఉన్న గది, పడక గదులు, అన్నీ ఈ అంతస్తులోనే. మనుషులు బతికే ఇల్లు నిజానికి ఇదొక్కటే.

ఇందులో చూసి తీరాల్సిన కర్ర ఒకటుంది. దాన్ని చోనా దూలం అంటారు. చోనా అంటే బాడిస. ఈ దూలం ఒక కొన బాడిసలా వంగి ఉంటుంది కనుక ఆ పేరు. ఈ వంపు మనుషులు చెక్కింది కాదు. కొండవాలున మొలిచిన చెట్టును ఏటేటా మంచు కిందికి నెడుతూ ఉంటే, మొదలు దగ్గర కాండం పక్కకు వంగి, తర్వాత నిటారుగా లేస్తుంది. కలప వ్యాపారికి అది పనికిరాని మాను. ఇక్కడి వడ్రంగులు మాత్రం అలాంటి చెట్ల కోసమే కొండంతా తిరిగేవారు. ఇంటి నడిమి భాగం ఎత్తుగా, పక్కనున్న సన్నటి వసారా భాగం తక్కువ ఎత్తులో ఉంటాయి. నడిమి భాగం బరువును పక్క స్తంభాల మీదికి దించడానికి వంపు తిరిగిన దూలం కావాలి. దాన్ని అతుకులతో తయారు చేస్తే అతుకు దగ్గరే బలహీనం. చెట్టే వంగి పెరిగితే కలప పోగులు తెగకుండా వంపు వెంట సాగుతాయి, అతుకు గొడవే ఉండదు. ఏ మంచు బరువుకు చెట్టు వంగిందో, ఇంటి మీద ఆ మంచునే ఆ వంపు మోస్తుంది.

పై ఇల్లు: తాళ్ళ పని

దూలాలు పరిచేదాకా వడ్రంగిది పెత్తనం. ఆ పైన ఊరివాళ్ళది. అటక నేల నుంచి కప్పు కొనదాకా ఉన్నదంతా రైతులు తమ చేతులతో లేపినదే. పైకి వెళ్ళి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది. కింద నున్నగా చిత్రిక పట్టిన కర్రలు, పైన బెరడు మాత్రమే ఒలిచిన గుండ్రటి మానులు. కింద తొలిచి బిగించిన అతుకులు, పైన తాడు ముళ్ళు.

తాళ్ళు రెండు రకాలు. ఒకటి వరిగడ్డితో పేనిన తాడు. రెండోది నెసో. మన్సాకు అనే చిన్న చెట్టు లేత కర్రలను పచ్చిగా ఉండగానే మెలితిప్పి, కర్రలు కలిసే చోట చుట్టి ముడేస్తారు. పచ్చి కర్ర ఎండేకొద్దీ ముడుచుకుని ఇంకా బిగుసుకుంటుంది. అంటే కట్టిన రోజు కన్నా ఏడాది తర్వాత ఆ కట్టు గట్టిగా ఉంటుంది. మేకు కథ దీనికి తలకిందులు. తేమకు తుప్పు పట్టి, చుట్టూ ఉన్న కలపను కుళ్ళబెట్టి, ఊగినప్పుడల్లా రంధ్రాన్ని పెద్దది చేసుకుంటూ పోతుంది.

ఇక ఇంజినీరింగ్ సంగతి. పెద్ద వాసాల జతకు కింద అడ్డంగా దూలం ఉంటుంది కదా, ఈ మూడూ కలిస్తే త్రిభుజం. నాలుగు కర్రల చట్రాన్ని పక్కకు తోస్తే ఒరిగిపోతుంది. మూడు కర్రల చట్రం, మూలలు వదులుగా ఉన్నా, ఒరగదు. ఏదో ఒక కర్ర విరిగితే తప్ప దాని ఆకారం మారదు. వాసాలు బరువుకు కింది కొనల దగ్గర బయటికి జారాలని చూస్తాయి. ఆ తోపును అడ్డదూలం రెండు వైపుల నుంచీ పట్టి లాగి ఉంచుతుంది. కాబట్టి కింది గోడలకు, స్తంభాలకు చేరేది నిలువు బరువే. అందుకే మూలల్లో బిగింపు అవసరం లేకపోయింది, మొన సరిపోయింది. గాలి తోసినా భూమి కదిలినా వాసం తన గుంటలో కొద్దిగా తిరుగుతుంది, కట్లు కొద్దిగా సాగి మళ్ళీ సర్దుకుంటాయి. త్రిభుజాలన్నీ పేక ముక్కల్లా ఒకదాని మీద ఒకటి పడిపోకుండా, కప్పు పొడవునా లోపలి వైపు ఏటవాలు కర్రలు కట్టి ఆపుతారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పంటారు గానీ, ఈ ఇంటికి వెళ్ళినవాళ్ళు ఆ పని తప్పకుండా చేయాలి.

జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో తాట్ 1935లో ఈ లోయకు వచ్చి, ఈ ఇళ్ళ కట్టడంలో ఉన్న తర్కాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. అప్పటిదాకా జపాన్ పట్నవాసులకు ఇవి దారీ తెన్నూ లేని కొండల్లోని పాత పూరిళ్ళు. విదేశీయుడు మెచ్చుకున్నాక గానీ సొంత ఇంటి వైపు చూపు తిరగకపోవడం జపాన్‌కే పరిమితమైన జబ్బు కాదులెండి.

మంచు ఒక్కటే కారణమైతే

ఇప్పుడా సగం నిజం సంగతి. ఈ లోయలో మంచు తక్కువేమీ కాదు, రెండు మీటర్ల లోతున పేరుకున్న ఏళ్ళు కొత్త కాదు. కప్పు వాలు దాదాపు 60 డిగ్రీల దాకా ఉంటుంది. అయితే జపాన్‌లో ఇంత మంచు పడే ప్రాంతాలు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడా గడ్డి ఇళ్ళే కట్టుకున్నారు. కానీ వాటిలో ఎక్కువ వాటికి కప్పు నాలుగు వైపులా వాలుతుంది. ఇక్కడ మాత్రం రెండు వైపులే వాలు, మిగిలిన రెండు వైపులా నిలువుగా త్రికోణపు గోడలు. మంచే కారణమైతే ఈ తేడా ఎందుకొచ్చినట్టు?

జవాబు పట్టుపురుగులు. వరి పండించడానికి చదును నేల లేని లోయ ఇది. కొండవాలున మల్బరీ పెరుగుతుంది. పట్టుపురుగులు పెంచడానికి చాలా జాగా కావాలి, వెలుతురు కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా గాలి ఆడాలి. ఉన్న కాస్త చదును నేల మీద ఇంకో పాక వేయడం కుదరదు కనుక జాగాను పైకి వెతుక్కున్నారు. వాలు పెరిగేకొద్దీ కప్పు కింద చోటు పెరుగుతుంది. అందులో రెండు, మూడు, ఒక్కోచోట నాలుగు అటకలు పడతాయి. నాలుగు వైపులా వాలే కప్పులో ఆ చోటు చీకటి గుయ్యారం. రెండు కొసలనూ నిలువు గోడలుగా మారిస్తే వాటికి కాగితం తలుపుల కిటికీలు పెట్టొచ్చు. రెండు వైపులా కిటికీలు తెరిస్తే లోయ గాలి ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంది. అంటే ఫొటోల్లో అంత అందంగా కనిపించే ఆ త్రికోణపు ముఖం ఒక వర్క్‌షాపు కిటికీ. ఎడో కాలం (1603–1868) మధ్యలో పట్టు పరిశ్రమ పెరిగేకొద్దీ ఇళ్ళూ పైకి పెరిగాయి. ఇప్పుడు నిలబడి ఉన్నవాటిలో చాలామటుకు ఆ కాలం చివరివీ, తర్వాతి మెయిజీ కాలానివీ (1868–1912).

ఒగిమాచిలో ఇళ్ళన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండటం కూడా ఈ లెక్కలోదే. త్రికోణపు ముఖాలు ఉత్తర దక్షిణాలకు, వాలు కప్పులు తూర్పు పడమరలకు. లోయలో గాలి ఉత్తర దక్షిణాలుగా వీస్తుంది కనుక దానికి ఎదురయ్యేది సన్నటి ముఖమే. పొద్దున ఒక వాలుకు, సాయంత్రం రెండో వాలుకు ఎండ తగులుతుంది. ఒక వాలు ఉత్తరానికి తిరిగి ఉంటే అది ఆరదు, నాచు పట్టి రెండో వాలు కన్నా ముందే కుళ్ళుతుంది.

అటక మీద పట్టు అయితే, నేల కింద ఇంకో సరుకు. పొయ్యి పక్కన నేలలో గొయ్యి తవ్వి మట్టి, పట్టుపురుగుల పెంట, యొమొగి ఆకులు పొరలు పొరలుగా పరిచి మూత్రం పోసేవారు. యొమొగి అంటే వినాయకచవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతి మొక్క. నాలుగైదేళ్ళు మగ్గనిచ్చి, ఆ మట్టిని నీళ్ళతో కడిగి, బూడిద కలిపి కాచితే పెట్లుప్పు వచ్చేది. తుపాకి మందుకు ప్రాణం ఆ ఉప్పే. అది నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది కనుక వాన చుక్క పడని చోటే తయారవ్వాలి. చలికాలంలోనూ మట్టిలో సూక్ష్మజీవులు పని ఆపకుండా ఉండాలంటే పొయ్యి వేడి తగలాలి. ఇంత పెద్ద కప్పు, ఏడాది పొడవునా ఆరని పొయ్యి ఉన్న ఇల్లు దీనికి అచ్చంగా సరిపోయింది. గొకాయామా పెట్లుప్పు 'కాగా' అనే సంస్థానాన్ని ఏలే మాయెదా వంశానికి వెళ్ళేది. బయటివాళ్ళు తొంగిచూడని లోయ కావడం ప్రభువులకు కలిసొచ్చింది. గొకాయామాలో అన్నిటికన్నా పెద్దదైన ఇవాసే ఇల్లు పెట్లుప్పు వసూలు చేసే అధికారి కట్టించుకున్నదే. లోపల అయిదు అంతస్తులు, కట్టడానికి ఎనిమిదేళ్ళు పట్టిందంటారు. ఒగిమాచిలో వాదా కుటుంబం కూడా ఊరి పెద్దరికంతో పాటు ఈ వ్యాపారం చేసి పైకొచ్చిందే. నమస్కారపు ఇల్లు అని చేతులు జోడించే ముందు, కింద తుపాకి మందు సరుకు మగ్గేదని గుర్తుంచుకోవాలి.

పొగ చేసే మరమ్మతు

కింది ఇంటికీ పై ఇంటికీ మధ్య పైకీ కిందికీ తిరిగేది ఒక్క పొగే. నేలలో చతురస్రంగా అమర్చిన పొయ్యిని ఇరోరి అంటారు. దానికి పొగగొట్టం ఉండదు. పొయ్యి మీద తాళ్ళతో వేలాడదీసిన వెడల్పాటి చెక్క పలక నిప్పురవ్వలను ఆపి, వేడిని పక్కలకు పంచుతుంది. అటక నేలను చాలాచోట్ల సందులు వదిలి పరుస్తారు. వేడి, పొగ ఆ సందుల్లోంచి పైకి పోయి పట్టుపురుగులను వెచ్చగా ఉంచుతాయి, అక్కడి నుంచి గడ్డిలోకి ఇంకుతాయి. పొగలోని మసి, తారు తాళ్ళకు, వాసాలకు, గడ్డి లోపలి పొరకు పట్టి పురుగును రానివ్వవు, తేమను నిలవనివ్వవు. అటకల మీద కర్రలన్నీ నల్లగా నిగనిగలాడుతుంటాయి. అది వార్నిష్ కాదు, వందల ఏళ్ళ పొగ. పొగగొట్టం పెట్టడం చేతకాక పెట్టలేదనుకుంటే పొరపాటు. పెడితే కప్పు పాడవుతుంది.

పొయ్యి మానేసిన ఇళ్ళలో గడ్డి ఆయుష్షు తగ్గడం ఇందుకే. గ్యాస్ స్టవ్ వచ్చాక వంటింట్లో కళ్ళు మండటం తగ్గింది, కప్పుకు మందు కూడా ఆగిపోయింది.

ముడి పేరే యుయి

గడ్డి గురించి చెప్పకుండా ఈ ఇంటి లెక్క తేలదు. మన రెల్లుకు దగ్గరి బంధువైన గడ్డిని శీతాకాలం ముందు కోసి, ఎండబెట్టి, మోపులు కట్టి దాస్తారు. ఇలా కప్పిన కప్పు ముప్పై నలభై ఏళ్ళు ఉంటుంది. మన తాటాకు పాకను కొన్నేళ్ళకే మళ్ళీ కప్పుకోవాలి కదా, దాంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. కానీ ఆ ఒక్కసారి పని కొండంత. ఒక వాలు విప్పి, కొత్త గడ్డి పరిచి కట్టడానికి వంద నుంచి రెండు వందల మంది కావాలి. అదీ ఒకటి రెండు రోజుల్లోనే ముగియాలి. కప్పు విప్పిన ఇంటి మీద వాన పడితే అటక, సామాను అన్నీ పోయినట్టే. ఏ కుటుంబానికీ సొంతంగా అంత మంది ఉండరు. అందుకే యుయి అనే బదులు పని పద్ధతి పుట్టింది. ఈ ఏడాది మీ ఇంటికి మేం వస్తాం, మా వంతు వచ్చినప్పుడు మీరు రండి. ఎవరు ఎన్ని మోపుల గడ్డి, ఎంత తాడు తెచ్చారో, ఎవరి ఇంటి నుంచి ఎంతమంది వచ్చారో చిట్టా రాసుకునేవారు. ఊళ్ళో స్నేహం వేరు, లెక్క వేరు. యుయి అనే మాటను రాసే అక్షరానికి అర్థం కట్టడం, ముడివేయడం.

కప్పు మీద వరసగా కూర్చున్నవాళ్ళు పొడవాటి కర్ర సూదితో తాడును గడ్డిలోంచి లోపలికి గుచ్చుతారు. లోపల అటక మీద ఇంకొకరు కాచుకుని ఉండి, తాడును కర్ర చుట్టూ తిప్పి మళ్ళీ బయటికి పంపుతారు. బయటివాళ్ళు దాన్ని లాగి బిగిస్తారు. ఈ పనికి చదువక్కర్లేదు, చిన్నప్పటి నుంచి చూసి ఉంటే చాలు. పై ఇంట్లో వడ్రంగి అతుకులు ఎందుకు లేవో ఇక్కడ తెలుస్తుంది. ఏ కర్ర పాడైనా కట్లు కోసి, దాన్ని తీసేసి, కొత్తది పెట్టి మళ్ళీ కట్టడం ఊళ్ళో ఎవరికైనా సాధ్యమవ్వాలి. తొలిచి బిగించిన అతుకైతే ఒక్క కర్ర మార్చడానికి పక్క నాలుగు విప్పాలి, వడ్రంగికి కబురు పెట్టాలి, మంచు కురిసే లోయలో ఆయన వచ్చేదాకా ఆగాలి. కింది ఇల్లు తరాల పాటు కదలకుండా ఉండటానికి కట్టినది, పై ఇల్లు తరానికోసారి విప్పడానికి కట్టినది. వాసం కింది కొన మొనగా ఎందుకుందంటే, ఈ రెండు గడియారాలు ఒకదాన్నొకటి ఆపకుండా ఉండటానికి.

నీళ్ళు, నిప్పు, జనం

ఈ ఇళ్ళకు దెబ్బ తగిలింది మంచుతో కాదు. చిలీ నుంచి చవకగా నైట్రేట్ దిగుమతి మొదలయ్యాక పెట్లుప్పు బేరం పోయింది. తర్వాత పట్టు కూడా పోయింది. అటకలు ఖాళీ అయితే అంత పెద్ద కప్పును కాపాడుకోవడానికి కారణం ఏముంటుంది? ఆపైన జలవిద్యుత్ డ్యాములు వచ్చాయి. 1961లో పూర్తయిన మిబోరో డ్యాం కింద కొన్ని ఊళ్ళు ఊళ్ళే మునిగాయి. కొన్ని ఇళ్ళను విప్పి పట్నాలకు తరలించారు. తాళ్ళతో కట్టిన ఇల్లు కాబట్టి విప్పడం తేలికే అయింది.

మిగిలినవాటిని కాపాడుకోవడానికి ఒగిమాచివాళ్ళు 1971లో సంఘం పెట్టుకుని మూడు నియమాలు రాసుకున్నారు: అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. 1976లో ప్రభుత్వం ఊరిని సంరక్షణ ప్రాంతంగా గుర్తించింది. ఇప్పుడు పదహారు వందల మంది కూడా లేని షిరకావా గ్రామానికి ఏటా పది లక్షలకు పైగా పర్యాటకులు వస్తున్నారు. కప్పు మార్చే పనిలో చాలాభాగం ఇప్పుడు కూలికి చేసే నిపుణులదే. యుయి అక్కడక్కడా నడుస్తోంది. అది పూర్తిగా బతికుందని చెప్పడం పర్యాటక శాఖ మాట అవుతుంది, చచ్చిపోయిందనడమూ తొందరపాటే.

నిప్పు భయం మాత్రం అలాగే ఉంది. ఊరంతా నీటి తుపాకులు అమర్చారు. ఏటా ఒకరోజు అన్నిటినీ ఒకేసారి వదిలి పరీక్షిస్తారు. ఆ నీటి ధారల మధ్య ఇళ్ళను ఫొటో తీయడానికి జనం ఎగబడతారు. 2019 నవంబర్‌లో ఒగిమాచి దగ్గరి పార్కింగ్ స్థలంలో గాష్షో తీరు పాకలు రెండు కాలిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు, పాత ఇళ్ళ దాకా మంట రాలేదు.

డ్యాం కారణంగా లోయ వదిలిన ఇళ్ళలో ఒకటి ఇప్పుడు యొకొహామా నగరంలో, సాంకెయెన్ తోటలో ఉంది. యానొహారా కుటుంబం ఇల్లు, 1960లో తరలించారు. అక్కడ రెండు మీటర్ల మంచు లేదు, పట్టుపురుగులు లేవు, ఇంట్లో ఎవరూ కాపురం ఉండరు. అయినా తోట సిబ్బంది రోజూ ఇరోరిలో కట్టెలు పేర్చి నిప్పు రాజేస్తారు, ఆ పొగ కప్పుకు పట్టాలని.